దేశం కన్నా ముందు పుట్టిన సైన్యం: బర్మా రాజకీయ చరిత్ర

బర్మా సైన్యం స్వతంత్ర బర్మా కన్నా ఆరేళ్లు పెద్దది. 1941 డిసెంబరులో, బ్యాంకాక్‌లో, జపాన్ అధికారుల అండతో ‘బర్మా స్వాతంత్ర్య సైన్యం’ ఏర్పడింది. దానికి ఆదిపురుషులు ముప్ఫైమంది యువకులు. చేతులకు గాటు పెట్టుకుని, ఆ నెత్తురును మద్యంలో కలిపి తాగి ప్రమాణం చేశారు. వాళ్లలో ఒకడు ఇరవై ఆరేళ్ల విద్యార్థి నాయకుడు ఆంగ్ సాన్. మరొకడు షూ మాంగ్ అనే మాజీ పోస్టల్ గుమాస్తా. ఇతను తరువాత నె విన్ అని పేరు మార్చుకున్నాడు. మొదటివాడిని బర్మా జాతిపితగా కొలుస్తుంది. రెండోవాడు ఆ దేశాన్ని పాతికేళ్లకు పైగా గుప్పిట్లో పెట్టుకున్నాడు.

దేశాన్ని కన్నది తామేనన్న నమ్మకం ఆ సైన్యాధికారుల్లో తరం నుంచి తరానికి దిగుతూ వచ్చింది. బర్మాలో జరిగిన కుట్రలు, ఎన్నికలు, రాజ్యాంగాలు అన్నీ చివరికి ఆ నమ్మకం దగ్గరికే వచ్చి ఆగుతాయి. దానికి ఎదురుగా నిలిచింది ఒకే ఒక్క కాగితం. 1947 ఫిబ్రవరిలో షాన్ కొండల్లోని పాంగ్‌లాంగ్ అనే చిన్న ఊళ్లో సంతకాలు పడిన ఒప్పందం అది.

అంతకు ముందు సంగతి కొంత చెప్పుకోవాలి. 1824 నుంచి 1885 వరకు మూడు యుద్ధాలు చేసి ఇంగ్లీషువాళ్లు బర్మాను మింగారు. చివరి రాజు తీబాను రత్నగిరికి పంపారు. మన మొగలు పాదుషా బహదూర్ షా జాఫర్‌ను అంతకుముందే రంగూన్‌లో పెట్టారు. రాజుల్ని ఇటువాళ్లను అటు, అటువాళ్లను ఇటు మార్చడం ఆ ప్రభుత్వానికి అలవాటు. ఐరావతి మైదానంలోని బర్మన్ జాతిని నేరుగా పాలించారు. చుట్టూ ఉన్న కొండల్లోని షాన్, కచిన్, చిన్ జాతులను వాళ్ల దొరతనాలకే వదిలి పైనుంచి అజమాయిషీ చేశారు. సైన్యంలోకి ఎక్కువగా కరెన్, కచిన్, చిన్ యువకులనే తీసుకున్నారు. బర్మన్లు అందులో కొద్దిమందే. ఒకే జెండా కింద ఉన్నా కొండకీ మైదానానికీ మధ్య గీత అలాగే ఉండిపోయింది.

1937 ఏప్రిల్ 1 దాకా బర్మా మన దేశంలో ఒక రాష్ట్రం. రాజమండ్రికి ఎలాగో రంగూన్‌కూ అలాగే పాస్‌పోర్టు లేకుండా వెళ్లొచ్చు. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం ప్రాంతాల నుంచి ఓడలెక్కి వేలమంది ‘రంగం’ వెళ్లారు. ఓడల్లో సరుకు ఎత్తిదించే పని, రిక్షా లాగడం, బియ్యం మిల్లుల్లో కూలి చాలావరకు తెలుగువాళ్లవే. కోరంగి రేవు పేరుమీద వాళ్లను అక్కడ కొరంగీలన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. నగరం బర్మాలో ఉంది, బర్మావాళ్లు మాత్రం అందులో మైనారిటీ.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని పని ఆపేశారు. కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మన్లను తెచ్చుకున్నాయి. తీరా తెలుగువాళ్లతో రాజీ కుదరగానే బర్మన్లను పొమ్మన్నాయి. మే 26న పనికి వచ్చినవాళ్లు రేవు గేటు దగ్గర పని లేదని తెలుసుకున్నారు. ఆ తరువాత కొన్ని రోజులు రంగూన్ వీధుల్లో కనబడిన కొరంగీనల్లా వేటాడారు. సర్కారు లెక్కలోనే వందకు పైగా చనిపోయారు. కూలి మిగుల్చుకున్నది ఓడల కంపెనీలు, చచ్చింది కూలీలు. బర్మా జాతీయోద్యమం కొత్తగా రాజుకున్నది ఇక్కడే. ఆ అల్లర్ల వెంటనే ‘దోబమా’ అంటే మన బర్మా అనే సంఘం పుట్టింది. దాని సభ్యులు తెల్లవాళ్లకు వాడే తఖిన్, అంటే దొర, అనే బిరుదును తమ పేర్ల ముందు తగిలించుకున్నారు. ఆంగ్ సాన్, తరువాత ప్రధాని అయిన ఊ ను ఈ తఖిన్లే. ఆ ఏడాది చివర్లో సయా సాన్ రైతు తిరుగుబాటు లేచింది. ధాన్యం ధర పడిపోయి, అప్పులు తీర్చలేక పొలాలు అప్పులిచ్చిన చెట్టియార్ల పరమవుతున్న రోజులవి. సయా సాన్‌ను ఉరితీశారు. కోర్టులో అతని తరఫున వాదించిన బా మా 1937లో తొలి ప్రధాని అయ్యాడు.

1942లో జపాన్ వచ్చినప్పుడు ముప్ఫైమంది సహచరుల సైన్యం దానితోనే రంగూన్‌లో అడుగుపెట్టింది. లక్షల భారతీయులు అరకాన్ దారినా మణిపూర్ దారినా నడిచి పారిపోయారు; వేలమంది ఆ అడవుల్లోనే పోయారు. ఈ గందరగోళంలోనే డెల్టాలోని మ్యాంగ్‌మ్యా ప్రాంతంలో కొత్త సైన్యం కరెన్ పల్లెల మీద పడింది. కరెన్లు ఇంగ్లీషువాళ్లకు నమ్మకస్తులని అనుమానం. ఏడేళ్ల తరువాత అంతర్యుద్ధం మొదలైతే, కరెన్లు ముందుగా గుర్తుచేసుకున్నది మ్యాంగ్‌మ్యానే.

1945 మార్చి 27న ఆంగ్ సాన్ తన సైన్యాన్ని జపాన్ మీదికి తిప్పాడు. బర్మా ఇప్పటికీ సైనిక దినం జరుపుకునేది ఆ తేదీనే. 1947 జనవరిలో లండన్‌లో బ్రిటిష్ ప్రధాని అట్లీతో ఒప్పందం చేసుకుని స్వాతంత్ర్యానికి గడువు సంపాదించాడు. కొండజాతులు కలిసి రాకపోతే తమకు దక్కేది సగం దేశమేనని అతనికి తెలుసు. ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్‌లో షాన్, కచిన్, చిన్ నాయకులతో సంతకాలు చేయించాడు. కొండప్రాంతాల లోపలి పాలనలో పూర్తి స్వతంత్రం, అందరికీ సమాన హక్కులు అని హామీ. కరెన్లు చూడడానికి వచ్చారు, సంతకం పెట్టలేదు. అరకాన్ సంగతి, మోన్ల సంగతి అసలు మాట్లాడలేదు. ఆ లోపాలన్నీ ఉన్నా బర్మాను ఒక దేశంగా నిలిపిన ఒప్పందం అదొక్కటే. షాన్, కరెన్నీ రాష్ట్రాలకు పదేళ్ల తరువాత విడిపోయే హక్కును 1947 రాజ్యాంగం రాతలోనే ఇచ్చింది.

సంతకం పెట్టిన ఆంగ్ సాన్ అయిదు నెలలే బతికాడు. జూలై 19న మంత్రిమండలి సమావేశంలోకి సాయుధులు చొరబడి అతన్నీ ఆరుగురు మంత్రులనూ కాల్చి చంపారు. చంపించిన మాజీ ప్రధాని ఊ సాను మరుసటి ఏడాది ఉరితీశారు. ఆంగ్ సాన్‌కు అప్పటికి ముప్ఫై రెండేళ్లు, కూతురు సూకీకి రెండేళ్లు. అతను బతికి ఉంటే పాంగ్‌లాంగ్ నిలిచేదని చాలామంది చరిత్రకారులు రాశారు. నాకంత నమ్మకం లేదు. పదవి చేపట్టి ఒక్కరోజైనా స్వతంత్ర దేశాన్ని పాలించని నాయకుడికి అన్ని మంచి గుణాలూ అంటగట్టడం తేలిక.

1948 జనవరి 4న, జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తానికి, తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకు స్వాతంత్ర్యం వచ్చింది. మూడు నెలలు తిరగకుండానే కమ్యూనిస్టులు అడవి పట్టారు. కొత్త సైన్యానికి అధిపతి స్మిత్ డన్ అనే కరెన్. ఒక కరెన్ చేతిలో దేశ సైన్యం ఉండడం పాంగ్‌లాంగ్ ఆశకు ఆనవాలుగా మిగలవలసింది. 1949 జనవరిలో కరెన్ దళాలు తిరగబడి రంగూన్ పక్కనున్న ఇన్సీన్ దాకా వచ్చాక అతన్ని పక్కన పెట్టి నె విన్‌ను కూర్చోబెట్టారు. ప్రధాని ఊ ను ప్రభుత్వాన్ని జనం ‘రంగూన్ ప్రభుత్వం’ అని వెక్కిరించేవారు, దాని పాలన ఊరిపొలిమేర దాటదని. నెహ్రూ ఆయుధాలు పంపాడు. ఎలాగో నిలదొక్కుకుంది.

నిలబెట్టింది సైన్యం కాబట్టి సైన్యానికే బలం చేకూరింది. సైనికులకు చవగ్గా సరుకులు అమ్మడానికి తెరిచిన దుకాణం పదేళ్లలో బ్యాంకులు, ఓడలు, హోటళ్లు ఉన్న వ్యాపార సామ్రాజ్యమైంది. 1958లో పాలకపక్షం చీలగానే ఊ ను నె విన్‌ను ఆపద్ధర్మ ప్రభుత్వం నడపమన్నాడు. 1960లో ఎన్నికలు పెట్టి ఊ ను చేతికే అధికారం తిరిగిచ్చాడు నె విన్. అప్పుడంతా మెచ్చుకున్నారు. ఊ ను బౌద్ధాన్ని రాజమతం చేశాడు. క్రైస్తవులెక్కువగా ఉన్న కచిన్లు తిరగబడ్డారు. షాన్ నాయకులు పాంగ్‌లాంగ్ హామీ అమలు చేయమంటూ 1962 ఫిబ్రవరిలో రంగూన్‌లో సమాఖ్య మీద చర్చలకు కూర్చున్నారు. మార్చి 2న నె విన్ అందరినీ పట్టుకున్నాడు. తొలి రాష్ట్రపతి, షాన్ సంస్థానాధీశుడు సావ్ ష్వే థైక్ ఆ ఏడాదే జైల్లో చనిపోయాడు. అరెస్టు రాత్రే ఆయన కొడుకును కాల్చి చంపారు. దేశం ముక్కలు కాకుండా ఆపడానికే అధికారం తీసుకున్నామని సైన్యం చెప్పింది. కంచే చేను మేసింది.

జూలైలో రంగూన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మీద కాల్పులు జరిపి, వాళ్ల సంఘ భవనాన్ని డైనమైట్‌తో పేల్చేశారు. ఆంగ్ సాన్ రాజకీయం మొదలైన చోటది. తరువాతి కథ బర్మా మార్గ సోషలిజం: బ్యాంకులు, మిల్లులు, చిల్లర దుకాణాలు కూడా జాతీయం. 1964లో 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నారు. దుకాణం పోయి, డబ్బు పోయి, లక్షల భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది విశాఖలో దిగారు. కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసింది.

నె విన్‌కు అంకెల పిచ్చి. 1987లో చలామణీలో ఉన్న పెద్ద నోట్లను మళ్లీ రద్దుచేసి, తొమ్మిదితో భాగించబడతాయని 45, 90 చాట్ నోట్లు తెచ్చాడు. ఒకప్పుడు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశాన్ని ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితి అతి వెనకబడిన దేశాల జాబితాలో చేర్చింది. 1988 ఆగస్టు 8న దేశమంతా వీధుల్లోకి వచ్చింది. తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి ఇంగ్లాండు నుంచి వచ్చిన సూకీ ఆగస్టు 26న ష్వేడగాన్ పగోడా దగ్గర లక్షలమంది ముందు నిలబడింది. సెప్టెంబరు 18న సైన్యం కొత్త ముఖంతో మళ్లీ అధికారం తీసుకుంది, వేలమందిని చంపింది. 1990లో ఎన్నికలు పెట్టింది. సూకీని ఇంట్లో నిర్బంధించినా ఆమె పార్టీ 485 స్థానాల్లో 392 గెలిచింది. ఆ సభ ఎన్నడూ సమావేశం కాలేదు.

తరువాతి రెండు దశాబ్దాల్లో చెప్పుకోదగ్గది ఓర్పు, సైన్యానిది. సైన్యాధిపతి తాన్ ష్వే ఆధ్వర్యంలో అది రాజధానిని నేపిడాకు తరలించింది. 2007లో వీధుల్లోకొచ్చిన భిక్షువులను కొట్టింది. 2008 మేలో నర్గీస్ తుఫాను డెల్టాలో లక్షా ముప్ఫై వేల పైచిలుకు ప్రాణాలు తీసింది. శవాలు నీళ్లలో తేలుతుండగానే రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. ఆ రాజ్యాంగం చదివితే దాన్ని రాసినవాళ్ల తెలివి అర్థమవుతుంది. పార్లమెంటులో పావు వంతు స్థానాలు సైన్యానివి. సవరణకు ముప్పావు వంతు కన్నా ఎక్కువ ఓట్లు కావాలి. హోం, రక్షణ, సరిహద్దు శాఖల మంత్రులను సైన్యాధిపతే ఎంపిక చేస్తాడు. విదేశీ పౌరసత్వం ఉన్న పిల్లలు గల వ్యక్తి రాష్ట్రపతి కాకూడదన్న నిబంధన సూకీ దారికి అడ్డం. పీట వేసి కాళ్లు కట్టేశారు.

సూకీ 2015 ఎన్నికల్లో గెలిచి ఆ పీట మీదే కూర్చుంది. రాష్ట్రపతి పదవి అందకపోతే ‘స్టేట్ కౌన్సిలర్’ అనే పదవిని సృష్టించుకుంది. ఆ దారి చూపిన న్యాయవాది కో నీని 2017 జనవరిలో రంగూన్ విమానాశ్రయం బయట కాల్చి చంపారు. అదే ఏడాది ఆగస్టు నుంచి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు సైన్యం చేసిన దహనకాండకు బంగ్లాదేశ్ పారిపోయారు. 2019 డిసెంబరులో హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానంలో సైన్యం తరఫున నిలబడి వాదించింది సూకీయే. బయటి ప్రపంచం దీన్ని మోసమంది. నాకలా అనిపించదు. తనకు సైన్యమంటే అభిమానమని ఆమె 2013లోనే బీబీసీ రేడియోలో చెప్పింది. నాన్న పెట్టిన సైన్యం దారి తప్పింది, మళ్లీ దారికి వస్తుందనేదే ఆమె రాజకీయమంతా. రోహింగ్యాలు గానీ కచిన్లు గానీ ఆ లెక్కలోకి వచ్చేసరికి వెనక వరసలో పడ్డారు. 2016లో ఆమె ‘21వ శతాబ్దపు పాంగ్‌లాంగ్’ అంటూ సమావేశాలు పిలిచింది. తండ్రి సంతకం మాటకు ఆ పేరు తప్ప ఇంకేమీ దక్కలేదు.

2020 నవంబరు ఎన్నికల్లో ఆమె పార్టీ మళ్లీ ఊడ్చేసింది: 396 స్థానాలు, సైన్యం పక్షానికి 33. సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లయింగ్‌కు మరుసటి జూలైలో అరవై అయిదేళ్లు నిండి పదవీ విరమణ వయసు వస్తుంది. 2021 ఫిబ్రవరి 1న, కొత్త పార్లమెంటు కూర్చోవలసిన రోజునే, సూకీని అరెస్టు చేసి అధికారం లాక్కున్నాడు. రాత్రి ఎనిమిదింటికి జనం దయ్యాన్ని తరిమినట్టు గిన్నెలు, పళ్లేలు మోగించారు. డాక్టర్లు, రైల్వే ఉద్యోగులు, టీచర్లు పనులు మానేశారు. సైనిక దినం మార్చి 27న ఒక్కరోజులో వందమందికి పైగా కాల్చి చంపారు.

అప్పుడు జరిగింది మునుపెన్నడూ అంత పెద్దఎత్తున జరగనిది. రంగూన్, మాండలే కుర్రాళ్లు, బర్మన్ ఇళ్లల్లో పుట్టి కాలేజీల్లో చదువుకున్నవాళ్లు, కరెన్, కచిన్ కొండలకు వెళ్లి తుపాకీ పట్టడం నేర్చుకున్నారు. డెబ్బై ఏళ్లుగా తిరుగుబాటుదార్లని రేడియో తిట్టిన మనుషులే వాళ్లకు గురువులయ్యారు. మైదానంలో పల్లెలు తగలబడుతుంటే, కొండల మీద దశాబ్దాలుగా ఏం జరిగిందో బర్మన్లు మొదటిసారి కళ్లారా చూశారు. పదవులు పోయిన పార్లమెంటు సభ్యులు ఏర్పాటుచేసిన అజ్ఞాత ప్రభుత్వం సమాఖ్య రాజ్యాంగం రాస్తామని ప్రకటించింది. రోహింగ్యాల పౌరసత్వాన్ని హరించిన 1982 చట్టాన్ని రద్దుచేస్తామని 2021 జూన్‌లో మాట ఇచ్చింది. అంతకుముందు సూకీ పార్టీలో రోహింగ్యా అన్న పేరెత్తడానికే భయపడేవాళ్లు.

2023 అక్టోబరు 27న మూడు జాతుల సేనలు కలిసి షాన్ ఉత్తరభాగంలో విరుచుకుపడ్డాయి. మరుసటి ఆగస్టుకల్లా లాషియోలోని ప్రాంతీయ సైనిక స్థావరం పడిపోయింది. బర్మా సైన్యం అలాంటి స్థావరం పోగొట్టుకోవడం అదే మొదలు. డిసెంబరులో పడమటి స్థావరాన్ని అరకాన్ సేన పట్టుకుంది. సైన్యం నిర్బంధ సైనికచట్టం అమల్లోకి తెచ్చి పౌరసత్వం కూడా ఇవ్వని రోహింగ్యాల చేతికి తుపాకీ ఇచ్చింది. రోహింగ్యాలు ఇటు సైన్యానికీ అటు అరకాన్ సేనకూ మధ్య నలిగారు. కొండజాతుల సేనలన్నీ ధర్మమూర్తులేమీ కావు. సరిహద్దు వ్యాపారం దెబ్బతింటుందని చైనా వాళ్ల మెడలు వంచితే, 2025 ఏప్రిల్‌లో లాషియోను సైన్యానికి తిరిగి అప్పగించారు.

అంతకు నెల ముందు సాగాయింగ్, మాండలే ప్రాంతాలను పెద్ద భూకంపం కుదిపేసింది. మూడు వేలమందికి పైగా చనిపోయారు. శిథిలాలు తీస్తున్న రోజుల్లోనూ బాంబు విమానాలు తిరిగాయి. అదే ఏడాది డిసెంబరు 28న సైన్యం తన పట్టులో ఉన్న ప్రాంతాల్లో దఫాలవారీగా ఎన్నికలు మొదలుపెట్టింది. సూకీ పార్టీని 2023లోనే రద్దుచేశారు, ఆమె అప్పటికి జైల్లో ఉంది. 2008 రాజ్యాంగం ప్రకారమే నడిచిన ఆ ఎన్నికల్లో సైన్యానికి ముందే కేటాయించిన పావు వంతు స్థానాలకు పోలింగ్ లేదు.