ఊరు కదిలే మాట: సోమాలీ, తెలుగు సామెతల్లో వలస

సోమాలీ భాషకు 1972లో గానీ అధికారిక లిపి రాలేదు. అప్పటిదాకా వారి సంప్రదాయ న్యాయం, వంశచరిత్ర, కవిత్వం చాలావరకు నోటి మీదే నడిచాయి. చెట్టు కింద పెద్దలు కూర్చుని రెండు తెగల తగవు తీర్చేటప్పుడు సామెతకు సాక్ష్యమంత బరువుండేది. 'సోమాలీ అబద్ధమాడతాడేమో గానీ, సామెతలో అబద్ధమాడడు' అన్నది కూడా వారి సామెతే. మన రచ్చబండ మీద పెద్దమనిషి సామెత విసిరి వాదన ముగించడం గుర్తున్నవారికి ఇది కొత్తగా తోచదు.

'నబద్ ఇయో ఆనో, ఓల్ ఇయో అబార్' అంటారు వారు. శాంతి ఉంటే పాలు, పగ ఉంటే కరువు అని భావం. పైకి శుభాకాంక్షలా వినిపించే ఈ మాట నిజానికి పశువుల కాపరి వేసుకున్న లెక్క. డిసెంబరు నుంచి మార్చి దాకా సాగే 'జిలాల్' ఎండకాలంలో గడ్డి మాడిపోతుంది, బావులు అడుగంటుతాయి. అప్పుడు ఒంటెలనూ మేకలనూ మేతా నీళ్లూ ఉన్న చోటికి తోలుకుపోవాలి. దారి పక్క తెగవారి నేల మీదుగా పోతుంది. పొత్తుంటే మంద బతుకుతుంది. పగ ఉంటే మేత ఎక్కడో ఉండి కూడా మంద చస్తుంది. అందుకే వానకూ పాలకూ మధ్య ఈ సామెత పొరుగువాణ్ణి నిలబెట్టింది. ఇంత పొదుపైన రాజనీతి నాకు మరో సామెతలో కనబడలేదు.

ఇక ఊరు కదలడం మాట. 'నేల తిరగనివాడికి కళ్లు లేవు' అంటాడు సోమాలీ. కాపరికి నడకే బతుకు, నడకే చదువు. తెలుగు రైతు మాట వేరు: 'ఉత్తర చూసి ఎత్తర గంప.' ఉత్తర కార్తె సెప్టెంబరు నడుమ వస్తుంది. అప్పటికీ వాన పడకపోతే ఇక ఆశ లేదు, తట్టాబుట్టా నెత్తికెత్తుకుని కదలమని అర్థం. ఆరుద్ర నుంచి కార్తె తర్వాత కార్తె ఆకాశం వంక చూసి, ఓర్చి, చివరికి తీసుకున్న నిర్ణయమది. 'ఉన్న ఊరు కన్నతల్లి' అనుకునే మనిషి గంప ఎత్తాడంటే ఆ ఏడు ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు.

అయితే తెలుగువాడు కదలడనీ, సోమాలీ కదులుతాడనీ తేల్చేయడం తప్పు. 'తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడు' అన్న సామెత మనకూ ఉంది. ప్రయాణం విలువ దానికి తెలుసు, కానీ ఆ విలువను సగం మందికే ఇచ్చింది. సామెతల్లో వివేకంతో పాటు అన్యాయమూ నిల్వ ఉంటుందని పరిశోధకులు నిర్మొహమాటంగా చెప్పాలి. ఘజియాబాద్ జిల్లా ఇందిరాపురంలో నీతి ఖండ్, జ్ఞాన్ ఖండ్, వైభవ్ ఖండ్ అపార్ట్‌మెంట్ల నుంచి రోజూ నోయిడా, ఢిల్లీ ఉద్యోగాలకు వెళ్లే తెలుగు ఆడవాళ్లు ఆ సామెతను ఆచరణలో ఎప్పుడో కొట్టేశారు.

ఇందిరాపురం లాంటి చోట ఏ సామెతలు మిగులుతాయన్నదే అసలు ప్రశ్న. కార్తెల సామెతలు ముందుగా పోతాయి, వాటిని పరీక్షించే పొలం కళ్లెదుట లేదు గనక. మనుషుల మధ్య నడిచేవి నిలుస్తాయి. సంక్రాంతికి ఏపీ ఎక్స్‌ప్రెస్, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ టికెట్ల మాట వచ్చిందంటే 'ఉన్న ఊరు కన్నతల్లి' దానంతటదే నోటికొస్తుంది. 1991లో ప్రభుత్వం కూలి, అంతర్యుద్ధం చెలరేగాక చెదిరిపోయిన సోమాలీలలో కొందరు ఢిల్లీకీ, మన హైదరాబాద్‌కీ చేరారు. హైదరాబాద్ టోలిచౌకిలోని అద్దె ఇంట్లో ఒంటె లేదు, జిలాల్ లేదు. శాంతీ పాలూ సామెత మాత్రం అక్కడ మరింత నిజం.

ఇక సామెతలను రాసిపెట్టే పని మాట. 1868లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ మద్రాసులో తెలుగు సామెతల పుస్తకం 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' వెలువరించాడు. ఇంగ్లీషు అర్థాలతో, ఇతర భాషల పోలికలతో చేసిన ఆ సేకరణకు మనం రుణపడి ఉన్నాం. కానీ అకారాది క్రమంలో పేర్చిన సామెతకు సందర్భం తెగిపోతుంది. ఎవరు ఎవరితో, ఏ తగవులో, ఏ కరువులో అన్నారో తెలియదు. తర్వాతి సంకలనాలు చాలావరకు అదే దారి పట్టాయి.

ఇందిరాపురంలో పిల్లల దగ్గర ఉండడానికి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారు. ఉత్తర కార్తెలో ఆకాశం చూసినవారు వాళ్లే. వారి నోట సామెత వచ్చినప్పుడు దానితో పాటు ఊరు, పంట, ఏడాది, ఎదుటి మనిషి వివరాలు కూడా అడిగి రాసి పెట్టండి. ఈ పని ఇప్పుడే జరగాలి.