కల్యాణపురం పెళ్లిళ్లు

ఎదుర్లంక రేవులో పడవెక్కి గౌతమి దాటితే యానాం. ఇప్పుడు వారధి మీద కార్లలో వెళ్లిపోతున్నాం గానీ, 1930లలో కోనసీమ నుంచి వెళ్లే పెళ్లివారికి పడవే దిక్కు. మంగళసూత్రాలు, పురోహితుడు, పద్నాలుగు నిండని పెళ్లికూతురు, అంతా అందులోనే. ఏరు దాటితే దొర మారిపోయేవాడు. ఇవతల ఇంగ్లిషువాడు, అవతల ఫ్రెంచివాడు. శారదా చట్టం ఒడ్డు దగ్గరే ఆగిపోయేది. పెళ్లిళ్ల తాకిడికి యానాన్ని కల్యాణపురం అనేవాళ్లు.

అజ్మీర్‌కు చెందిన హర్‌బిలాస్ శారద పట్టుబట్టి తెచ్చిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో వచ్చింది. అమ్మాయికి 14, అబ్బాయికి 18 నిండాలన్నారు. అమలు మాత్రం 1930 ఏప్రిల్ 1 నుంచి! ఆర్నెల్ల గడువు దొరికితే మనవాళ్లు ఊరుకుంటారా? దేశమంతటా హడావిడిగా ముహూర్తాలు పెట్టేశారు. 1931 జనాభా లెక్కలు తీసేసరికి పదిహేనేళ్లలోపు భార్యల సంఖ్య అంతకు ముందు పదేళ్ల నాటికన్నా పెరిగి కూర్చుంది.

నిజానికి యానాం దాకా వెళ్లాల్సినంత భయం ఆ చట్టంలో లేదు. శిక్ష నెల రోజుల జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. పోలీసులు తమంత తాముగా కదలడానికి వీల్లేదు. ఎవరో ఒకరు కోర్టుకెళ్లి ఫిర్యాదు చెయ్యాలి, అదీ పెళ్లయిన ఏడాదిలోపు. ఆ ఫిర్యాదుదారే వంద రూపాయల దాకా పూచీకత్తు ఇచ్చుకోవాలి. ఊళ్లో మోతుబరి ఇంటి పెళ్లి మీద పూచీ రాసిచ్చి కోర్టుకెక్కే మొనగాడెవడు? జరగబోయే పెళ్లిని ఆపమనే అధికారం మేజిస్ట్రేటుకు 1938 సవరణతో గానీ రాలేదు. ఒకసారి మూడుముళ్లూ పడ్డాయంటే ఆ పెళ్లి చెల్లినట్టే.

పెళ్లికూతురి వయసు ఎవరికీ తెలియక కాదు. శారదా చట్టానికి ఎంతో ముందే విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లపాటు జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా రాయించారు. లెక్కకెక్కినవి 1,034. పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు. ముగ్గురికి ఒక్క ఏడు! 1897లో కన్యాశుల్కం నాటకం అచ్చువేసినప్పుడు గురజాడ తన ఇంగ్లిషు ముందుమాటలో ఈ అంకెలిచ్చారు. డబ్బు పుచ్చుకున్న సంగతి దాచినవాళ్లు పోగా మిగిలిన లెక్క ఇది.

చట్టం చెయ్యలేని పని ఎక్కడ జరిగిందంటే, నాకు యానానికి ముప్పై కిలోమీటర్ల చేరువలోని కాకినాడే కనిపిస్తుంది. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకొద్దని భర్తకే చెప్పేసింది. ఇంట్లోవాళ్లు ఆమె పక్షమే నిలిచారు. అది ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కాకినాడలో బాలికా హిందీ పాఠశాల పెట్టి ఆడవాళ్లకు పాఠాలు చెప్పేనాటికి ఆమెకే ఇంకా పెళ్లీడు రాలేదు, శారదా చట్టం లెక్కన.

ఉప్పు సత్యాగ్రహం, జైళ్లు అయ్యాక మళ్లీ పుస్తకాలు పట్టి, బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్యాసైంది. బి.ఏ. ఆనర్స్ చదువుతానని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు, కుదరదన్నారు. ఆమె వెనక్కి రాలేదు. హాస్టల్ లేక చదువు ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండని పత్రికలో ప్రకటన వేయించింది. జవాబిచ్చిన కొద్దిమందినీ కూడగట్టి తామే ఒక హాస్టల్ నడుపుకున్నారు. ఇక విశ్వవిద్యాలయానికి సాకేముంది? మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొలిచింది కూడా ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్‌కు తయారుచేసే ట్యూషన్ల నుంచే. 1958లో కేంద్రం మహిళా విద్యపై జాతీయ కమిటీ వేసినప్పుడు అధ్యక్షురాలు ఆవిడే. చదువు మధ్యలో మానేసిన స్త్రీలకు సంక్షిప్త కోర్సులు మొదలైంది కూడా ఆ ఏడాదే, ఆమె నడిపిన సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా.

చట్టం మాత్రం నత్తనడక నడిచింది. ఆడపిల్ల వయసు 1949లో 15, 1978లో 18. ఇష్టం లేని బాల్యవివాహాన్ని రద్దు చేయించుకునే హక్కు 2006 చట్టంతో వచ్చింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిదిలోపే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశం సగటు 23.3. రెండు రాష్ట్రాలూ దానికి పైనే.

తెలంగాణ 2014లో ఆడపిల్ల పెళ్లికి డబ్బు సాయమిచ్చే కల్యాణలక్ష్మి మొదలుపెట్టి పెళ్లికూతురికి పద్దెనిమిది నిండాలంది. ఆంధ్రప్రదేశ్ 2022లో అలాంటి పథకమే అయిన కల్యాణమస్తుకు వధూవరులిద్దరూ పదో తరగతి ప్యాసవ్వాలని మెలిక పెట్టింది. డబ్బు ఆశతోనైనా పిల్లను బడిలో ఉంచుతారన్న ఆలోచన. తప్పని నేననను. కానీ పదో తరగతి పదిహేను, పదహారేళ్లకే అయిపోతుంది. ఉచిత నిర్బంధ విద్యా హక్కు పద్నాలుగుకే ముగుస్తుంది. పెళ్లి చట్టం పద్దెనిమిది దాకా ఆగమంటుంది. ఈ నడిమి ఏళ్లలోనే పిల్ల ఇంట్లో ఖాళీగా ఉందన్న మాట, దాని వెనకే సంబంధం వస్తాయి. ఊళ్లో హైస్కూలు ఉంటుంది, జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది, సాయంత్రం బస్సు ఉండదు. ఆడపిల్లలకు వసతితో నడిచే కస్తూర్బా విద్యాలయాల్లో కొన్నింటిని ఇంటర్ దాకా పెంచింది ఇందుకే. అక్కడ సీటంటే ఒక మంచం, మూడు పూటలా తిండి, రెండేళ్ల వాయిదా.