ఇంటికప్పు – ఎండ వేడిమి

హైదరాబాదు వంటి నగరములలో వేసవి వేడిమి ఇంటిలోనికి ప్రవేశించు ముఖ్యమార్గము గోడ కాదు, కప్పు. మే మాసమున మధ్యాహ్నవేళ సూర్యుడు దాదాపు నడినెత్తిన నుండును. కావున నిలువు గోడలకంటె చదునైన డాబాపై ఎండ తీవ్రముగా పడును. ఈ వేడిమిని ఎదుర్కొను విధానము కాలక్రమమున ఎట్లు మారినదో పంజాగుట్ట, అమీర్‌పేట ప్రాంతముల కట్టడములే తెలుపును.

పంజాగుట్టకు సమీపమున, చిన్నగుట్టపై ఎర్రమంజిల్ కలదు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున నవాబు ఫక్రుల్ ముల్క్ దీనిని కట్టించెను. 2019లో ప్రభుత్వము దీనిని తొలగించి, ఆ స్థలమున శాసనసభా భవనము నిర్మింప తలపెట్టగా, ఆ సెప్టెంబరులోనే హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను. ఇట్టి పాతమేడల కాలమున ఇచట సిమెంటు వాడుక అరుదు. గోడలు దళసరివి, పైకప్పులు ఎత్తైనవి. దూలములపై ఇటుకలు పేర్చి, ఇటుకముక్కలు కలిపిన సున్నమును పరచి, దిమ్మిసకొట్టి గచ్చు చేసెడివారు. పగలు పీల్చిన వేడిమి ఆ మందమును దాటి లోపలికి చేరుటకు చాల గంటలు పట్టెడిది. అప్పటికి రాత్రియగును, కిటికీలు తెరచిన చల్లగాలి వీచును. అనగా ఆ కప్పు వేడిమిని ఆపలేదు, ఆలస్యము చేసినది.

మన దేశమున సిమెంటు పరిశ్రమ 1914లో పోరుబందరులో నిలదొక్కుకొనెను. నిజాము రాజ్యమునందు షాబాదులో గూడ కర్మాగారము వెలసెను. ఇనుపకడ్డీల కాంక్రీటుతో అయిదంగుళముల స్లాబు వేయుట సులభమయ్యెను. అమీర్‌పేటలో అంతస్తుపై అంతస్తు లేచెను. స్థలము కలిసివచ్చినది కాని, మందము పోయినది. కాంక్రీటు ఉష్ణవాహకత థర్మోకోలుకంటె సుమారు 40 రెట్లు అధికము. మధ్యాహ్నము కాగిన స్లాబు రాత్రి చాలసేపటివరకు గదిలోనికి వేడిమిని వెదజల్లుచునే యుండును. పై అంతస్తులోని విద్యార్థికి పంకా ఆ వేడిగాలినే మరల విసరును.

దీనికి ఉపాయములు రెండు. మొదటిది ఎండను పరావర్తనము చేయుట. హైదరాబాదులో కొలతలు తీసి 2012లో ప్రకటించిన పరిశోధనలో, కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేసినచో గదులను చల్లబరచుటకగు విద్యుత్తు 10 నుండి 19 శాతము తగ్గునని తేలెను. 2017లో నగరమున పేదల ఇండ్లు 25 ఎన్నుకొని, కప్పులపై తెల్లని పొర పరచగా, లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గెను.

రెండవది ఉష్ణనిరోధకమును అమర్చుట. 2018 నాటి ‘ఎకో నివాస్ సంహిత’ ప్రకారము చదరపు మీటరు కప్పుగుండ, లోపలికిని వెలుపలికిని గల ఒక్కొక్క డిగ్రీ తేడాకు, 1.2 వాట్లకు మించి ఉష్ణము ప్రవహింపరాదు. వట్టి స్లాబుగుండ ఇంచుమించు దీనికి మూడు రెట్లు ప్రవహించును. లెక్కవేసి చూచినచో, రెండు సెంటీమీటర్ల థర్మోకోలు పలకయే దానిని ఆ హద్దులోనికి తెచ్చును.

అయితే పలకను స్లాబు క్రింద గాక పైననే అమర్చుట మేలు. క్రింద నమర్చినచో స్లాబు ఎండకు కాగి వ్యాకోచించి, రాత్రి సంకోచించి, బీటలు వారవచ్చును. మొదట బీటలు పూడ్చి, నీరు దిగని పూత వేసి, పలకలు సందులేక పరచి, వానుతో కాంక్రీటు పోసి, తెల్ల పెంకులు అంటింతురు. తడి తగులుట హానికరము. ఈ పలకలలో వేడిమి నాపునది నిశ్చలమైన గాలి. నీటి ఉష్ణవాహకత గాలికంటె 20 రెట్లకు పైబడినది.

2023లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన చల్లని కప్పుల విధానము, 600 చదరపు గజములు మొదలు అంతకు మించిన స్థలములలోని నివాసములకు దీనిని విధిగా చేసి, చిన్న ఇండ్లకు ఐచ్ఛికముగా విడిచెను. అమీర్‌పేట సందులలో పెక్కు ఇండ్లు చిన్నవే. అచట కప్పు యజమానిది, ఉక్క అద్దెకున్నవారిది. యజమాని ఒకమారు చేయు వ్యయము వారికి ప్రతి వేసవి రాత్రియు నిద్రనిచ్చును. పెద్ద వ్యయమునకు శక్తి లేనివారు వేసవికి ముందు డాబాకు తెల్లసున్నము పూసినను కొంత మేలు కలుగును. వానకు అది కరగిపోవును గనుక ఏటేట మరల పూయవలసి యుండును.