నరయంత్ర సంయోగము - సభానిర్వహణము

సభ యనగా నొక పందిరి, ఒక వేదిక, నాలుగుపన్యాసములు మాత్రమే కాదు. సంఘము తన కెదురైన ప్రశ్నను గుర్తించి, పదిమంది యెదుట నుంచి, దాని మంచిచెడ్డలను తర్కించుటయే సభ. ఏ ప్రశ్నను గూర్చి సభ జరిగినది, దాని వ్యయ మెవరు భరించిరి, వేదికపై నెవరు కూర్చుండిరి అను మూడు సంగతులు తెలిసినచో నా కాలపు చరిత్రలో సగము తెలిసినట్లే. ఈ మూడింటిని మనసున నుంచుకొని, నరునకును యంత్రమునకును నానాట పెరుగుచున్న సంయోగమును గూర్చి తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో జరిగిన చర్చల చరిత్రను, ఇక జరుగవలసిన చర్చ స్వరూపమును చదువరుల ముందుంచ దలచితిమి.

మొదట ప్రశ్న యెప్పటిదో చూతము. నరుని దేహమును శాస్త్రబలముచే మార్చుకొనవచ్చునను ఊహను హాల్డేను పండితుడు 1923లో కేంబ్రిడ్జిలో చదివిన ‘డెడాలస్’ అను వ్యాసమున వెలిబుచ్చెను. ఆయనయే 1957లో మన దేశమునకు వచ్చి, ఇక్కడనే స్థిరపడి, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. 1957లోనే జూలియన్ హక్స్లీ, మానవజాతి తన హద్దులను తానే దాటవలెనను భావమునకు ‘ట్రాన్స్‌హ్యూమనిజము’ అను పేరుతో వ్యాసము ప్రకటించెను. 1960లో క్లైన్సు, క్లైను అను ఇరువురు శాస్త్రజ్ఞులు అంతరిక్షయానమునకు దగినట్లు యంత్రములతో గూడిన మానవునకు ‘సైబోర్గు’ అని నామకరణము చేసిరి. 1998లో నిక్ బోస్ట్రమ్, డేవిడ్ పియర్సు అనువారు ఈ యభిప్రాయము గలవారి కొక ప్రపంచసంఘమును స్థాపించిరి. ఆ సంవత్సరము మొదలు ‘ట్రాన్స్‌విజన్’ అను పేర జరిగిన సభలను ఉత్సాహవంతులు తమ తీరిక కాలమును వెచ్చించియే చాలవరకు నడపిరి.

పేర్ల కంటె పని ముందు నడచినది. 1958 అక్టోబరు 8వ తేదీన స్వీడను దేశమున ఆర్నె లార్సన్ అను రోగి శరీరములో గుండెను నడపు విద్యుద్యంత్రమును తొలిసారి అమర్చిరి. మొదటి యంత్రము కొన్ని గంటలలోనే చెడిపోయెను. ఆయన తన జీవితకాలమున అట్టివి ఇరువదియారింటిని ధరించి 2001 వరకు బ్రదికెను. వానిని అమర్చిన వైద్యుని కంటె నధికముగా ఆ యంత్రములను గూర్చి చెప్పగలవా డాయనయే గదా! మా వాదమున కిదియే బీజము.

నరయంత్ర సంయోగము పరదేశపు వింత యని మనవారిలో కొందరు తలచుచున్నారు. మన యింటిముందర నేమున్నదో చూడుడు. తిరుమల తిరుపతి దేవస్థానమువారి ‘బర్డ్’ వైద్యశాలలో పోలియోచే కాళ్లు వంకరపోయినవారికి శస్త్రచికిత్సలు చేసి, కృత్రిమాంగములను అమర్చుచున్నారు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము మూలమున పుట్టుచెవిటివారైన పిల్లలకు లోచెవిలో యంత్రము పెట్టించుట పేదకుటుంబములకును సాధ్యమయ్యెను. 2015 నాటికి రేషను దుకాణములలో వేలిముద్ర యంత్రములు వచ్చినవి. మట్టిపనిచే వ్రేళ్లరిగిన కూలివాని ముద్రను యంత్ర మొప్పుకొనని సందర్భములును దానితోడనే వచ్చినవి. 2023 మార్చి 1వ తేదీన తిరుమలలో యాత్రికుల ముఖమును గుర్తించు యంత్రములను ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టిరి. ఒకచోట యంత్రము దేహములోనికి పోవుచున్నది. వేరొకచోట దేహమే యంత్రమునకు చీటి యగుచున్నది. ఈ రెండును ఒకే ప్రశ్నకు రెండు ముఖములు.

ఇక సభల సంగతి. భారత విజ్ఞానసభ 1914 జనవరిలో కలకత్తాలో పుట్టెను. సైమన్సెన్, మెక్‌మహన్ అను ఇరువురు రసాయనశాస్త్రోపాధ్యాయుల పూనికయే దానికి మూలము. తొలిసభకు వచ్చినవారు 105 మంది. అధ్యక్షుడు అశుతోష్ ముఖర్జీ. 1976లో వాల్తేరు సభ మొదలు ఏటేట నొక కేంద్రవిషయమును నిర్ణయించి, అన్ని శాఖలవారును దానిని చర్చించు సంప్రదాయ మేర్పడెను. 1983 జనవరిలో 70వ సభ తిరుపతిలో జరిగినది. ఆచార్య బి. రామచంద్రరావుగా రధ్యక్షులు. కేంద్రవిషయము మానవుడును మహాసముద్రమును. సముద్రపుటొడ్డునకు దూరమైన కొండల నడుమ కూర్చుండి సముద్రమును గూర్చి విచారించుట చిత్రముగా దోచవచ్చును గాని, సభ తన ఊరిని గూర్చియే విచారించవలెనను నియమము లేదు.

మరల 2017 జనవరి 3 మొదలు 7 వరకు 104వ సభ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆచార్య డి. నారాయణరావుగారి అధ్యక్షతను జరిగెను. ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభోపన్యాసమున సైబరు-భౌతిక వ్యవస్థలు, అనగా గణనయంత్రమును భౌతికయంత్రమును ఏకమైన వ్యవస్థలు, వేగముగా వ్యాపించుచున్నవనియు, అవి మన యువజనసంపదకు మున్నెన్నడు నెరుగని పరీక్ష తేగలవనియు హెచ్చరించి, పరిశోధనచేతను శిక్షణచేతను దానిని అవకాశముగా మార్చుకొనవలెనని చెప్పిరి. 2018 డిసెంబరులో కేంద్రప్రభుత్వము 3,660 కోట్ల రూపాయలతో ఈ వ్యవస్థలకొరకు జాతీయోద్యమము నామోదించెను. దాని క్రింద నేర్పడిన 25 కేంద్రములలో నొకటి తిరుపతి ఐ.ఐ.టి.కి లభించెను. సభలో పలికిన మాట రెండేండ్లు తిరుగకముందే కార్యరూపము దాల్చుట మెచ్చదగినదే.

అయినను చదువరు లొక సంగతి గమనింపవలెను. ఆ సభ ప్రారంభమగుటకు వారము ముందు, 2016 డిసెంబరు 27వ తేదీన, వికలాంగుల హక్కుల చట్టమునకు రాష్ట్రపతి యామోదము లభించెను. చట్టము గుర్తించు వైకల్యములు 7 నుండి 21కి పెరిగినవి. యంత్రములను గూర్చిన మాటయు, యంత్రము లెవరికి ప్రాణాధారమో వారి హక్కును గూర్చిన చట్టమును వారము యెడముతో వెలువడినవి. ఈ రెంటిని ఒక వేదికపై చేర్చి విచారించు సభయే మనకు కావలసియున్నది.

ఇట్టి విచారణకు ఈ సీమ క్రొత్తది కాదు. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, తుదిదినములలో ఈ ప్రశ్ననే తిరిగి తిరిగి యడుగుచుండెడివారు: ఆలోచన చేయు పనులన్నియు కంప్యూటరు చేయగలిగిన నాడు నరుని మెదడున కేమగును? విలాసములలో మునిగి ఎండిపోవునా, లేక లోనికి దిరిగి తన్ను దాను తెలిసికొనునా? ఆయన స్థాపించిన రిషివ్యాలీ విద్యాలయము ఈ కొండల నడుమనే యున్నది. దేహమును గూర్చిన ప్రశ్న బర్డ్ వైద్యశాలలోను, మనసును గూర్చిన ప్రశ్న రిషివ్యాలీలోను, యంత్రమును గూర్చిన ప్రశ్న ఐ.ఐ.టి.లోను విడివిడిగా నున్నవి. వానిని కలుపువా రెవరు?

ప్రభుత్వము కలుపునని కొంద రందురు. భారత విజ్ఞానసభ చరిత్రయే దీనికి జవాబు. ఇరువురు ఉపాధ్యాయుల పూనికతో పుట్టిన ఆ సభ క్రమముగా ప్రభుత్వద్రవ్యముపై నాధారపడెను. 2023 సెప్టెంబరులో కేంద్ర శాస్త్రవిజ్ఞానశాఖ, ద్రవ్యవ్యవహారములలో అక్రమములు గలవని యారోపించి, తన సహాయమును నిలిపివేసెను. సభాసంఘమువారు ఆ యారోపణను త్రోసిపుచ్చిరి. న్యాయ మెవరి పక్షమున నున్నను ఫలిత మొక్కటే: 2024 జనవరిలో జరుగవలసిన 109వ సభ ఆనాడు జరుగలేదు. నూఱేండ్లు దాటిన వృక్షము సయితము ఒకే కాలువ నీటిపై బ్రదికినచో, ఆ కాలువ కట్టిన నాడు వాడక తప్పదు.

స్వచ్ఛందసేవకులచే సభ నడుపుట మనవారికి తెలియని విద్య కాదు. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో జరిగిన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయసభకు ప్రభుత్వపు బొక్కసము లేదు. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారి కాలిబలమే దాని మూలధనము. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు జనసమూహమును క్రమముగా నడిపించెను. తిరుమలలో 2000 నుండి శ్రీవారి సేవకు లక్షలాదిగా స్త్రీపురుషులు వచ్చి, అన్నము వడ్డించి, వరుసలు దిద్ది పోవుచున్నారు. సేవాబుద్ధికి కొఱత లేదు. దానిని విచారణవైపు మరల్చుటయే కొఱత.

అయితే స్వచ్ఛందసేవ యను మాటలో నొక మోసము దాగియుండవచ్చును. ఉపన్యాసకునకు రైలుఖర్చు లిచ్చి, శాలువా కప్పి, పాకీపని చేసినవానికిని వంటమనిషికిని బధిరులకు సైగలభాషలో తెలుపువానికిని ‘సేవ’ యని చెప్పి కూలి యెగవేయుట సేవ కాదు, దోపిడి. చేయలేనని చెప్పుటకు స్వేచ్ఛ గలవాని పనియే సేవ. పొట్టకూటికై చేయువాని పనికి కూలి యీయవలెను. ఈ భేదమును మరచిన సభ యెంత గొప్పది యైనను మేము మెచ్చము.

సభ యెట్లుండవలెనో తెలుపుట కొక యుదాహరణము చాలును. 1968 ప్రాంతమున జయపురములో రామచంద్రశర్మ యను శిల్పియు, సేఠీ యను వైద్యుడును క్రొత్త కృత్రిమపాదమును నిర్మించిరి. అంతకుముందు వచ్చిన పరదేశపు పాదమునకు బూటు తప్పనిసరి. దానితో బాసిపట్టు వేసికొని కూర్చుండలేరు, గొంతుకూర్చుండలేరు, తడిపొలములో నడువలేరు. మనవారి నడకను జూచి చేసిన జయపురపు పాదముతో ఇవి యన్నియు సాధ్యమైనవి. చెప్పులు విడిచి అలిపిరినుండి 3,550 మెట్లెక్కు భక్తుని యవసరము పరదేశపు పనివాని కెట్లు తెలియును? హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో పిల్లలు మూడు కిలోలకు మించిన లోహపు పట్టీలను ఈడ్చుకొని నడచుట అబ్దుల్ కలాముగారు కన్నులార జూచిన పిమ్మటనే, అగ్ని క్షిపణికై సిద్ధపరచిన తేలికపదార్థముతో 300 గ్రాముల పట్టీలు వచ్చినవి. ధరించువానిని చూచిన చోట యంత్రము మారినది. చూడని చోట నరుడే యంత్రమునకు తగినట్లు వంగవలసి వచ్చినది.

కావున తిరుపతిలోనో చిత్తూరులోనో ఇట్టి సభ చేయదలచిన యువజనులకు మా సూచన లివి. చందాలు చిన్నవిగాను, ఇచ్చువారు పెక్కురుగాను ఉండవలెను. పైసపైసకు లెక్కను పందిరి ద్వారముననే వ్రేలాడగట్టవలెను. యంత్రములను అమ్ముకొనువారు శ్రోతలుగా రావచ్చును, వేదికకు యజమానులు కారాదు. చర్చ తెలుగున జరుగవలెను. వేదికకు మెట్లతో బాటు చక్రపుకుర్చీ ఎక్కుటకు వాలుదారి యుండవలెను. అది మొదటినుండియు వేయవలెను గాని, అతిథి వచ్చిన పిమ్మట పలకలు వెదకరాదు. తొలిపలుకు పండితునిది గాక, కృత్రిమపాదముతో నడచువానిది, చెవిలో యంత్రము గల పిల్లవాని తల్లిది, వేలిముద్ర పడక బియ్యము లేక మరలిన కూలివానిది కావలెను. శాస్త్రజ్ఞుడు వారికి బదులు చెప్పవలెను.

2022లో జిల్లాలు విడిపోయినను తిరుపతి, చిత్తూరు వాసుల నడుమ రాకపోకలు విడిపోలేదు. విశ్వవిద్యాలయములు, వైద్యశాలలు, సేవకులు అందఱు నిక్కడనే యున్నారు. యంత్రము మన దేహములోనికి అడిగి వచ్చునో, అడుగక వచ్చునో నిర్ణయించుకొను కాల మిదియే. ఆ నిర్ణయము మనది కావలెనన్నచో, సభకు చాపలు పరచు పనియు మనమే చేసికొనవలెను.