బయాస్ పుట్టుపూర్వోత్తరములు

పాఠశాలలోని పాత కంప్యూటరు మీట నొక్కిన వెంటనే నల్లని తెరపై తెల్లని అక్షరములు వరుసగా వచ్చిపోవుట చాలమంది చూచియుందురు. మొదట మెమొరీని లెక్కించును. తరువాత డిస్కుల పేర్లు చూపును. ఒక చిన్న ‘బీప్’ ధ్వని వినవచ్చును. ఆ కొద్ది క్షణములలో అడుగున ‘సెట్టింగులు మార్చవలెనన్న డెల్ మీట నొక్కుడు’ అను అర్థము వచ్చు వాక్యము కనబడి మాయమగును. దానిని నొక్కినవారికి నీలిరంగు తెర ప్రత్యక్షమగును. ఆ తెరలోని పదములు చూచి భయపడి వెనుదిరిగిన ఉపాధ్యాయులు తక్కువమంది కారు. ఆ పదములలో ప్రతిదానికిని ఒక చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసినచో భయము చాలవరకు తీరును.

అసలు చిక్కు ఇది. కంప్యూటరుకు ఏ పని చేయవలెనన్నను ఆదేశములు కావలెను. ఆ ఆదేశములు డిస్కుపై ఉండును. డిస్కు నుండి వానిని చదువవలెనన్న, ‘డిస్కును చదువుము’ అని చెప్పు ఆదేశములు ముందే మెమొరీలో ఉండవలెను. మెమొరీయో, విద్యుత్తు ఆగగానే సమస్తమును మరచిపోవును. పెట్టె తాళపుచెవి పెట్టెలోనే ఉండిపోయినట్లున్నది!

1975 జనవరిలో అమెరికాలో ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రముగా ప్రసిద్ధికెక్కిన ఆల్టెయిర్ 8800 అను యంత్రము ఈ చిక్కును మనుష్యుని వ్రేళ్ల మీదికి నెట్టినది. దాని ముందుభాగమున వరుసగా మీటలుండెను. యంత్రము పెట్టినప్పుడెల్ల ఆ మీటలను పైకిని క్రిందికిని జరుపుచు, ఒక్కొక్క సంఖ్యను మెమొరీలోనికి ఎక్కింపవలెను. ఇట్లు సుమారు ఇరువది సంఖ్యలు ఎక్కించిన పిమ్మట గాని కాగితపు టేపునుండి తక్కిన ప్రోగ్రామును చదువుటకు యంత్రమునకు తెలివి వచ్చెడిది కాదు. నడుమ ఒక్క మీట తప్పినను మరల మొదటికి రావలసినదే.

‘బయాస్’ అను పేరు ఈ కాలముననే పుట్టినది. కాలిఫోర్నియాలోని మాంటెరీ పట్టణమున నౌకాదళ స్నాతకోత్తర పాఠశాలలో బోధించుచుండిన గ్యారీ కిల్డాల్ 1974లో సి.పి./ఎం. అను ఆపరేటింగ్ సిస్టమును వ్రాసెను. ఆ రోజులలో ఒక్కొక్క కంపెనీ యంత్రము ఒక్కొక్క తీరుగ ఉండెడిది. ప్రతి యంత్రమునకును మొత్తము సిస్టమును తిరుగ వ్రాయుట అయ్యెడి పని కాదు. కావున కిల్డాల్ దానిని విడదీసెను. ఫైళ్లను, ఆజ్ఞలను చూచు పెద్ద భాగము అన్ని యంత్రములకును ఒక్కటే. కీబోర్డు, తెర, డిస్కు వీనితో నేరుగ మాటలాడు చిన్న భాగము మాత్రము యంత్రమును బట్టి మారును. ఈ చిన్న భాగమునకే ‘బేసిక్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ సిస్టమ్’ అని పేరిడిరి. మొదటి అక్షరములు కూర్చగా ‘బయాస్’ అయినది. గ్రీకు భాషలో దాదాపు ఇట్టి మాటకే ప్రాణము, జీవనము అని అర్థము. బయాలజీ అను పదము దానినుండియే వచ్చినది. యంత్రమునకు ప్రాణము పోయు ప్రోగ్రామునకు ఆ పేరు చక్కగా అమరినది.

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించినది. దీనిలో బయాస్ డిస్కుపై గాక, విద్యుత్తు లేకున్నను చెరగని రోమ్ చిప్పులో ఉండెను. దాని పరిమాణము 8 కిలోబైట్లు మాత్రమే. ఆ యంత్రములోని ఇంటెల్ 8088 ప్రాసెసరు 10,48,576 బైట్ల వరకు చూడగలదు. విద్యుత్తు రాగానే అది మరెచ్చటికిని పోక, చివరినుండి పదునారు బైట్ల ముందున్న 10,48,560వ స్థానమునకు పోయి అచ్చటి ఆదేశమును పాటించును. బయాస్‌ను ఆ చివరి భాగముననే అమర్చిరి. అది మొదట మెమొరీని, ఇతర భాగములను పరీక్షించును. పిమ్మట డిస్కు మొదటి విభాగములోని 512 బైట్లను చదివి, వానికి అధికారమును అప్పగించును. తాళపుచెవి చిక్కు ఇట్లు విడిపోయినది.

అయినను మరియొక ప్రశ్న మిగిలినది. ఈ పెట్టెలో ఎంత మెమొరీ ఉన్నది? ఎన్ని ఫ్లాపీలు? తెర రంగులదా, ఒంటిరంగుదా? రోమ్‌లోని ప్రోగ్రాము కర్మాగారమున వ్రాసినది. కొనినవాడు ఏమి తగిలించెనో దానికెట్లు తెలియును? ఇందుకై మదర్‌బోర్డుపై ఎనిమిదేసి చిన్న మీటలుగల దిమ్మెలు రెండు పెట్టిరి. మొదటి దిమ్మెలో 3, 4 మీటలు బోర్డుపైనున్న మెమొరీని తెలుపును. రెండు మీటలకు నాలుగు స్థితులు గదా. అవి 16, 32, 48, 64 కిలోబైట్లు. 5, 6 మీటలు తెర రకమును, 7, 8 మీటలు ఫ్లాపీల సంఖ్యను చెప్పును. ఆ మీటలను పెన్సిలు మొనతో జరుపరాదు. పెన్సిలులోని గ్రాఫైటు విద్యుద్వాహకము. దాని పొడి రాలినచో లేనిపోని సంబంధములు ఏర్పడును. బయాస్ సెట్టింగులకు ఆది రూపము ఈ మీటలే.

1984 ఆగస్టులో వచ్చిన పి.సి./ఏ.టి. అను నమూనాలో ఈ మీటలు దాదాపు పోయినవి. తెర రకమును తెలుపునది ఒక్కటి మాత్రము నిలిచినది. వాని స్థానమున మోటరోలా కంపెనీవారి గడియారపు చిప్పు వచ్చినది. దానిలో మొత్తము 64 బైట్ల మెమొరీ కలదు. 14 బైట్లు గడియారమునకు పోగా మిగిలిన 50 బైట్లలో యంత్రపు అమరికను వ్రాసికొనిరి. ఈ చిప్పును సీమాస్ అను పద్ధతిలో చేయుటచేత అది అత్యల్ప విద్యుత్తుతోనే బ్రతుకగలదు. ఒక చిన్న బ్యాటరీ సంవత్సరముల తరబడి దానిని కాపాడును. గడియారమును నడపు స్ఫటికము సెకనునకు 32,768 మారులు కంపించును. ఈ సంఖ్యను పదునైదు మారులు సగము చేసిచూడుడు, సరిగా ఒకటి వచ్చును. అందుకే ఆ సంఖ్యను ఎన్నుకొనిరి.

బ్యాటరీ బలహీనమైన ఆ 50 బైట్లలో పిచ్చి సంఖ్యలు చేరవచ్చును గదా? అందుకును ఒక ఉపాయము చేసిరి. ముఖ్యమైన బైట్ల మొత్తమును కూడి, ఆ కూడికను వేరుగ రెండు బైట్లలో దాచుదురు. యంత్రము మేల్కొనినప్పుడు బయాస్ మరల కూడి చూచును. లెక్క కుదరనిచో ఏ.టి. యంత్రము 162 అను సంఖ్యతో, అమరిక చేయబడలేదని చెప్పెడిది. అప్పుడు ప్రత్యేకమైన ఫ్లాపీని పెట్టి ‘సెటప్’ ప్రోగ్రామును నడుపవలెను. ఆ ఫ్లాపీ పోగొట్టుకొనినవారి అవస్థ ఊహించుకొనవచ్చును! కొన్ని యేండ్లకు ఇతర కంపెనీలు సెటప్‌ను కూడ రోమ్‌లోనే చేర్చినవి. నేటి పాత బోర్డులపై మనము చూచు నీలితెర అదియే.

ఆ ‘ఇతర కంపెనీలు’ ఎట్లు వచ్చినవన్నది ఈ కథలో రసవత్తరమైన భాగము. ఐ.బి.ఎం. తన పి.సి.లోని భాగములను చాలవరకు బజారులో దొరకువానినే వాడినది. ఎవరైన కొని కూర్చవచ్చును. కొనుటకు దొరకనిది బయాస్ ఒక్కటే. చిత్రమేమనగా ఐ.బి.ఎం. దానిని రహస్యముగ ఉంచలేదు. తన సాంకేతిక గ్రంథములో బయాస్ మూలమును మొదటినుండి చివరివరకు అచ్చువేసినది. కాని దానిపై గ్రంథస్వామ్యము కలదు. చదువవచ్చును, నకలు చేయరాదు. నకలు చేసిరని 1984లో కరోనా, ఈగిల్ అను కంపెనీలపై ఐ.బి.ఎం. వ్యాజ్యము వేయగా, ఆ కంపెనీలు తమ బయాస్‌ను మార్చుకొనుటకు ఒప్పుకొనవలసి వచ్చెను. అచ్చువేయుటయే తెలివైన రక్షణ అనుకొనువారును కలరు. ఒకమారు చదివినవాడు ఏమి వ్రాసినను ‘చూచి వ్రాసితివి’ అనవచ్చును గదా!

1982 నవంబరులో తన యంత్రమును ప్రకటించిన కాంపాక్ కంపెనీయు, 1984లో ఫీనిక్స్ టెక్నాలజీస్ కంపెనీయు ఈ ముడిని ఒకే రీతిని విప్పినవి. పనివారిని రెండు జట్లు చేసిరి. మొదటి జట్టు ఐ.బి.ఎం. బయాస్‌ను చదివి, ‘ఈ సంఖ్య ఇచ్చిన ఈ ఫలితము రావలెను’ అని పని వివరము మాత్రము వ్రాసినది. ఆ మూలమును కన్నెత్తి చూడని రెండవ జట్టు ఆ వివరమును బట్టి క్రొత్తగ ప్రోగ్రాము వ్రాసినది. ఫీనిక్స్ వారు ఇంటెల్ ప్రాసెసర్లతో ఏనాడును పనిచేయని వానినే ఈ పనికి నియోగించిరి. ఒకని సమాధానపత్రము చూడక, ప్రశ్న మాత్రము చూచి లెక్క చేయుట వంటిదిది. అట్టిదానిని కాపీ అని ఏ ఉపాధ్యాయుడును అనడు.

కాంపాక్ తన బయాస్‌ను తనకే ఉంచుకొనగా, ఫీనిక్స్ దానిని అడిగినవారికెల్ల విక్రయించినది. ఇతర సంస్థలును ఈ వ్యాపారములో ఉండెను. 1983లో ఏర్పడిన అవార్డ్ సాఫ్ట్‌వేర్ ఒకటి. 1985లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున సుబ్రమణియన్ శంకర్, పాట్ శర్మ అనువారు స్థాపించిన అమెరికన్ మెగాట్రెండ్స్ మరియొకటి. మన పాఠశాలలకు, పట్టణములలోని చిన్న దుకాణములకు చేరిన చౌక కంప్యూటర్ల తెరలపై మొదట కనబడుచుండినవి ఈ కంపెనీల పేర్లే. అట్టి బయాస్ విడిగ దొరకకున్నచో ఆ యంత్రములు అంత చౌకగ వచ్చియుండెడివి కావని నా తలంపు.

సెట్టింగులలో ఎక్కువ నష్టము చేసినది హార్డ్ డిస్కుకు సంబంధించినది. డిస్కులోని ఒక స్థలమును తెలుపుటకు మూడు సంఖ్యలు వాడెడివారు. అవి సిలిండరు, హెడ్డు, సెక్టారు. వీధి, ఇల్లు, గది అన్నట్లు. ఏ.టి. బయాస్‌లో డిస్కు రకములకు ఒక పట్టిక ఉండెను. మొదటి రకమునకు 306 సిలిండర్లు, 4 హెడ్లు, ఒక్కొక్క చుట్టునకు 17 సెక్టారులు. సెక్టారునకు 512 బైట్ల వంతున గుణింపగా 1,06,53,696 బైట్లు, అనగా సుమారు 10 మెగాబైట్లు. పట్టికలో లేని డిస్కులు రాసాగినపుడు 47వ రకమని ఒకటి కల్పించి, ఆ మూడు సంఖ్యలను మనమే వ్రాయు ఏర్పాటు చేసిరి.

ఇంతలో ఒక గోడ అడ్డము వచ్చినది. బయాస్ తన కాగితములో సిలిండరునకు 10 ద్విసంఖ్యా స్థానములు, హెడ్డునకు 8, సెక్టారునకు 6 కేటాయించినది. ఐ.డి.ఇ. అను డిస్కు పద్ధతిలో వరుసగా 16, 4, 8 స్థానములు కలవు. బయాస్ ఒక్కటే అయినచో 845 కోట్ల బైట్ల వరకు పోవచ్చును. డిస్కు పద్ధతి ఒక్కటే అయినచో 13,690 కోట్లకు మించి పోవచ్చును. రెండును కలిసినప్పుడు మాత్రము ప్రతి సంఖ్యలోను చిన్నదే చెల్లును, అనగా 10, 4, 6. సెక్టారులను సున్నతో గాక ఒకటితో లెక్కింతురు గనుక 64 గాక 63. కావున 1024×16×63×512 = 52,84,82,304 బైట్లు. రెండు పెద్ద గొట్టములను అతికినను, అతుకు చోట మూతి సన్నమైనట్లు, 1990 దశకపు ఆరంభమున పెద్ద డిస్కు కొనినవారికి 52 కోట్ల బైట్లే దక్కినవి.

దీనికి పరిష్కారముగ క్రొత్త బయాస్‌లలో ‘ఎల్.బి.ఏ.’ అను సెట్టింగు వచ్చినది. 2100 సిలిండర్లు, 16 హెడ్లు గల డిస్కును బయాస్ 525 సిలిండర్లు, 64 హెడ్లు గలదానివలె ఆపరేటింగ్ సిస్టమునకు చూపును. లబ్ధము మారలేదు, వేషము మారినది. అయితే ఒక వేషములో వ్రాసిన డిస్కును మరియొక వేషములో చదువరాదు. నేనెరిగిన ఒక ఉన్నత పాఠశాలలో వేసవి సెలవులలో బ్యాటరీ అరిగిపోయి, సెట్టింగు ‘నార్మల్’ అయి కూర్చున్నది. పిల్లల మార్కుల పట్టికలన్నియు అందులోనే ఉన్నవి. మరమ్మతుకు వచ్చినవాడు డిస్కు చెడినదని చెప్పి, తుడిచి క్రొత్తగ సిద్ధము చేయబోయెను. అదృష్టవశాత్తు లెక్కల మాస్టరు అతనిని ఆపి, నీలితెరలోనికి పోయి ‘నార్మల్’ను ‘ఎల్.బి.ఏ.’గా మార్చిరి. పట్టికలు యథాతథముగ వచ్చినవి. ‘నార్మల్’లో ఉండగా ఏమైనను వ్రాసియుండినచో పాత సమాచారము చెడిపోయియుండును.

కావున పాత బోర్డును చక్కదిద్దబూనువారు మొట్టమొదట ఆ తెరలోని విలువలను ఒక కాగితముపై వ్రాసికొని, ఆ కాగితమును పెట్టె లోపలనే అంటింపవలెను. బ్యాటరీ సాధారణముగ 3 వోల్టుల గుండ్రని బిళ్ల. తక్కువ ఖరీదునకే దొరకును. ఒక్కమారు ఒక్క సెట్టింగు మాత్రమే మార్చి ఫలితము చూడవలెను. దేనిని మార్చితిమో మరచినచో, మార్పులు దాచక వెలికి వచ్చు దారి ఎల్లప్పుడును కలదు.

తరువాతి చరిత్రను క్లుప్తముగ చెప్పవచ్చును. 1990 దశకములో రోమ్ స్థానమున, బోర్డుపైననే చెరిపి తిరుగ వ్రాయదగిన ఫ్లాష్ చిప్పులు వచ్చినవి. తప్పులు దిద్దుట సులభమైనది, చెరుపుటయు సులభమైనది. 1999 ఏప్రిల్ 26న, చెర్నోబిల్ ప్రమాదము జరిగిన పదుమూడేండ్లకు సరిగా అదే తేదీన, సి.ఐ.హెచ్. అను వైరసు డిస్కులలోని సమాచారమును చెరుపుటయే గాక, కొన్ని బోర్డుల బయాస్‌ను కూడ చెరిపివైచినది. అట్టి యంత్రములకు మీట నొక్కినను చలనము లేకపోయెను. చిప్పును ఊడదీసి వేరొకచోట తిరుగ వ్రాయింపవలసి వచ్చెను.

2005లో కంపెనీలు కలిసి యు.ఇ.ఎఫ్.ఐ. అను క్రొత్త పద్ధతికై ఒక సంఘము ఏర్పరచినవి. అది ఇంటెల్ వారు అంతకుముందు ఇటానియం యంత్రములకై మొదలిడిన పని నుండి పెరిగినది. పాత బయాస్ అనుకరణను 2020 నాటికి మానివేయుదుమని 2017లో ఇంటెల్ ప్రకటించినది. క్రొత్త యంత్రపు సెట్టింగుల తెరను నేటికిని జనులు ‘బయాస్’ అనియే పిలుచుచున్నారు. ఆ యంత్రమును విప్పిచూచిన, గడియారమునకు పోవు దారులు ఏ.టి. కాలమున ఉండిన 70, 71 సంఖ్యల ద్వారములే. ప్రాసెసరు మేల్కొనగనే చూచునది 400 కోట్ల బైట్లకు పైబడిన పరిధిలో, చివరినుండి మరల ఆ పదునారు బైట్ల ముందున్న స్థానమునే.