పరీక్ష తెలుగు, ఇంటి తెలుగు

తెలుగు పరీక్షకు చదవడమంటే మా తరం వారికి ఇంకో భాష నేర్చుకోవడమే. 1960లలో నేను మిడిల్ స్కూల్లో ఉన్నప్పుడు ప్రతిపదార్థం, తాత్పర్యం, సంధులు, సమాసాలు, చివర ఒక వ్యాసం ఉండేవి. పద్యాలు నోటికి వస్తే గట్టెక్కినట్టే. చిక్కంతా వ్యాసం దగ్గర. ఇంట్లో "ఎల్లిపోనాడు" అనే గుంటలం కాగితం మీద "వెడలిపోయెను" అని వ్రాయాలి. "ఉంది" తప్పు, "కలదు" ఒప్పు. మా తరగతిలో ఒక చేనేత కుటుంబపు కుర్రాడు కథ చెబితే మేష్టారు సైతం బెత్తం పక్కన పెట్టి వినేవారు. వ్యాసం వ్రాయమంటే మాత్రం వాడికి కలం కదిలేది కాదు. ఆ తెలుగులోనే తప్పి, చదువు మాని, మగ్గం గుంటలో కూర్చున్నాడు.

ఈ చిక్కు విప్పడానికి నడుం కట్టినవారు మన ప్రాంతం వారే. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరం మహారాజా వారి స్కూల్లో గురజాడ అప్పారావు గారు ఆయన సహాధ్యాయి. గిడుగు వారు 1880లో పర్లాకిమిడిలో మేష్టరుగా చేరారు. అక్కడే సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వారి మాటలోనే వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. పిల్లవాడి నోటి మాటతో చదువు మొదలుకావాలన్న పట్టుదల ఆయనకు అక్కడే కుదిరిందని నా అభిప్రాయం.

1907లో ఈ జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ దొర వచ్చారు. పుస్తకంలో నేర్చుకున్న తెలుగు బజారులో ఎందుకు వినబడదని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ సందేహాన్ని గిడుగు, గురజాడల వైపు మళ్లించారు. నలుగురూ కలిశాక గొడవ రాజుకుంది. అది కవిత్వం గురించి కాదు, అచ్చంగా బడి చదువు గురించి, పరీక్ష కాగితం గురించి.

1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు తెలుగు వ్యాసం కావ్యభాషలోనైనా, ఆధునిక భాషలోనైనా వ్రాయవచ్చునని ఉత్తర్వు వచ్చింది. పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులు గారు, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదురు నిలిచారు. వారి భయం ఉత్తది కాదు. ఎవరి యాసలో వారు వ్రాస్తే నెల్లూరు వారికి మన వ్రాత అర్థమవుతుందా అన్నారు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో తమ మాట చెల్లకపోగా గురజాడ వారు 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి సంవత్సరం నవంబరు 30న కన్నుమూశారు. స్కూలు ఫైనలులో ఇచ్చిన స్వేచ్ఛ కూడా ఎంతోకాలం నిలవలేదు.

గిడుగు వారు వదలలేదు. 1919లో "తెలుగు" అనే పత్రిక పెట్టారు. పండితులు వ్రాసిన గ్రాంథికంలోంచే తప్పులు ఏరి చూపించారు. పెద్దలకే పట్టుబడని భాషలో పసివాళ్లకు పరీక్ష ఏమిటని ఆయన వాదం. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న మరణించారు. నేను పుట్టేనాటికే ఆయన లేరు, అయినా మా బడిలో "కలదు" పోలేదు.

మన ఆఫీసుల సంగతి చెప్పనక్కరలేదు. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక తెలుగులో నోటు పెట్టమంటే మనం చేసిందేమిటి? "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా" అని మొదలుపెట్టాం. అర్జీ పెట్టుకున్న రైతు దాన్ని పక్కవాడి చేత చదివించుకొని, అర్థం కూడా అడిగేవాడు.

ఇప్పటి వాచకాల్లో "చేశాడు" అని వ్రాస్తే మార్కు పోదు. అయితే అది శిష్టవ్యావహారికం, ఎక్కువగా కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాట. మన "ఎల్లిపోనాడు"కు నేటికీ ఎర్ర సిరాయే.

సభ్యుల ఇళ్లలో అటకల మీద 1950లు, 60ల నాటి తెలుగు వాచకాలు ఉంటే చెదలకు వదిలేయకుండా సంఘం కార్యాలయానికి చేర్చండి. అట్టలు లేకపోయినా ఫరవాలేదు.