పలక ఎవరిది?

మాది మార్కాపురం. ఈ మాట ఎక్కడ చెప్పినా "ఓ, పలకల ఊరా!" అంటారు. బెంగుళూరుకొచ్చిన కొత్తలో మా టీములో కన్నడ కొలీగ్ ఒకతనికి ఊరి గొప్ప చెప్పబోయి, మా గనుల్లో పలకలు తీస్తారన్నా. "హలగె అంటే చెక్క కదా, గనిలో ఎలా దొరుకుతుంది?" అన్నాడు!

అతనన్నదీ నిజమే. సంస్కృతంలో ఫలకం, తమిళంలో పలగై, కన్నడంలో హలగె... అన్నిటికీ అసలు అర్థం చెక్కే. (పాత కన్నడంలో మాట మొదట ఉండే 'ప' తర్వాత్తర్వాత 'హ' అయింది. మన పాలు వాళ్ళకి హాలు కదా, అలాగన్నమాట.) బడిలో నల్లబల్లని తమిళులు కరుంపలగై అంటారు, కన్నడిగులు కరిహలగె అంటారు. మనక్కూడా పలకంటే మొదట చెక్కే. నాలుగు పలకల స్తంభం అన్నప్పుడు చదునైన పక్క. చిత్తూరు వైపు డప్పుని కూడా పలకంటారు. రాతలు చెక్క మీంచి రాతి మీదికి మారినా మనం పేరు మార్చలేదు, అంతే.

యూరప్ వాళ్ళ దారి వేరు. ఇంగ్లీషు స్లేటుకి మూలం పాత ఫ్రెంచిలో 'ఎస్క్లాట్', అంటే చీలిన పేడు. దాని చుట్టమే ఇప్పటి ఫ్రెంచి 'ఎక్లా'. దానికి ముక్క అనీ, పేలిన చప్పుడనీ, తళుకనీ అర్థాలున్నాయి. జర్మన్లో 'షీఫర్' అంటే పలకరాయి. కొన్ని ప్రాంతాల్లో చేతిలో గుచ్చుకునే పేడుని కూడా అదే మాటతో పిలుస్తారు. అంటే వాళ్ళు రాయిని పొరలుగా చీల్చేవాడి పనిని బట్టి పేరు పెట్టారు. మనం ఒళ్ళో పెట్టుకుని రాసే పిల్లాణ్ణి బట్టి పెట్టాం.

మన పేరే ముద్దుగా ఉందనుకున్నా. కానీ మా ఊళ్ళో పలకలు చీల్చింది ఎవరు?

1996 డిసెంబరు 10న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పిల్లల్ని ముందుగా పనిలోంచి తప్పించాల్సిన తొమ్మిది పరిశ్రమల్ని పేరుపేరునా చెప్పింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, అలీగఢ్ తాళాలు... వాటి సరసనే మార్కాపురం పలకలు. చట్టానికి విరుద్ధంగా పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లకీ యజమాని 20,000 రూపాయలు కట్టాలంది. అప్పటికి నేనింకా పుట్టలేదు.

పలక మీద రాసేదీ పిల్లలే, పలక చేసిందీ పిల్లలే. మన మాటలో మొదటివాళ్ళు మాత్రమే కనబడతారు.

ఇప్పుడు మా ఊరి రాయి ఇళ్ళ నేలలకీ గోడలకీ పోతోంది. ఇదంతా చెబితే మా కొలీగ్, "మరి నువ్వు అఆలు దిద్దిన పలక ఎవరు చేశారు?" అన్నాడు.

ఇంట్లో ఎప్పుడూ అడగలేదు. ఈ పండక్కి వెళ్ళినప్పుడు అడగాలి.